రాళ్ల మీద బండి: నడిపేవారి అదుపు, చూసేవారి భద్రత

రాక్ క్రాలింగ్ అంటే దారి లేని చోట, బండరాళ్ల మీదుగా, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండిని మెల్లగా ఎక్కించి మెల్లగా దించడం. ఇక్కడ పోటీ గడియారంతో కంటే రాయితోనే ఎక్కువ. చాలాచోట్ల బండి వేగం మనిషి నడకలో సగం కూడా ఉండదు. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల మీదుగా తాహో సరస్సు వైపు సాగే రూబికాన్ ట్రయల్ ఈ క్రీడలో అందరికీ తెలిసిన దారి. పొడవు సుమారు 35 కిలోమీటర్లే అయినా, చెయ్యి తిరిగిన డ్రైవరుకు కూడా ఒక్కోసారి రోజంతా చాలదు. అక్కడ 1953లో మొదలైన జీపర్స్ జాంబొరీ ఇప్పటికీ నడుస్తోంది. యూటా రాష్ట్రంలోని మోయాబ్‌లో ఈస్టర్ జీప్ సఫారీ 1967 నుంచి ఉంది. రూబికాన్‌లో తగిలేది గ్రానైట్ గుండ్లు, మోయాబ్‌లో ఎర్రని ఇసుకరాతి పలకలు. రాయి మారితే టైరు పట్టు మారుతుంది, నడిపే పద్ధతీ కొంత మారుతుంది. ప్రమాదం జరిగే తీరు మాత్రం రెండు చోట్లా ఒకటే.

వేగం లేదు కాబట్టి ప్రమాదమూ లేదనుకోవడం ఈ క్రీడ చుట్టూ ఉన్న పెద్ద అపోహ. రాళ్ల మీద అపాయమంతా బండి బరువులో, ఆ బరువు ఎంత ఎత్తున నిలిచి ఉందన్న దాంట్లో ఉంటుంది. రెండు టన్నుల బండి ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న గట్టు అంచు మీద ఆగి ఉందనుకుంటే, అప్పటికి దాని వేగం సున్నా. అంచు నుంచి జారి కిందపడితే నేలను తాకేసరికి దాని వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. అడ్డుగా ఉన్న మనిషిని రాతికేసి నలిపేయడానికి అందులో నాలుగో వంతు చాలు. ఎత్తుకెక్కిన బరువులోనే కాదు, నొక్కుకుపోయిన స్ప్రింగులో, మెలిక పడిన యాక్సిల్‌లో, బిగిసిన తాడులో కూడా శక్తి అలాగే దాగి ఉంటుంది. పట్టు తప్పిన క్షణాన అది ఎటు విడుదలవుతుందో ముందుగా తెలుసుకోవడమే డ్రైవరు పని. చూసేవారు ఎక్కడ నిలబడాలన్నది కూడా దాని మీదే ఆధారపడుతుంది.

డ్రైవరు అదుపు గేర్లతో మొదలవుతుంది. ఇలాంటి బండ్లలో మామూలు గేర్‌బాక్సు కాక ట్రాన్స్‌ఫర్ కేస్ అనే రెండో పెట్టె ఉంటుంది. దాని మీటను లో రేంజ్‌లోకి లాగితే చక్రాల వేగం బాగా తగ్గి, తిప్పే బలం అదే మేరకు పెరుగుతుంది. మొదటి గేరు నిష్పత్తి, ట్రాన్స్‌ఫర్ కేస్ నిష్పత్తి, యాక్సిల్ నిష్పత్తి, ఈ మూడింటినీ గుణిస్తే వచ్చే అంకెను క్రాల్ రేషియో అంటారు. ఇప్పటి తరం జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో మాన్యువల్ గేర్లున్న బండికి ఇది సుమారు 84. అంటే ఇంజన్ 84 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 700 చుట్లతో ఊరికే తిరుగుతుంటే, 33 అంగుళాల టైర్ల మీద ఆ బండి గంటకు కిలోమీటరున్నర లోపే నడుస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టనక్కర్లేదు. అందుకే రాళ్ల మీద గుర్రపుశక్తి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. అడిగేది గేరు నిష్పత్తినే. మన దేశంలో అమ్మే బండ్లలో లో రేంజ్ నిష్పత్తి మహీంద్రా థార్‌లో దాదాపు రెండున్నర, మారుతి జిమ్నీలో సుమారు రెండు. రాంగ్లర్ రూబికాన్‌లో అదే నాలుగు. కాబట్టి అమెరికా వీడియోలో రాంగ్లర్ పాకినంత నెమ్మదిగా థార్ పాకదు. పాకించాలంటే బ్రేకు సాయం కావాల్సిందే. ఈ తేడా తెలియకుండా వీడియో చూసి గుట్ట ఎక్కబోయినవారు సగంలో అనవసరంగా యాక్సిలరేటర్ తొక్కుతారు.

తర్వాతది డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కాబట్టి రెంటి మధ్య ఈ ఏర్పాటు పెట్టారు. రోడ్డు మీద ఇది వరమే. రాళ్ల మీద ఒక చక్రం గాలిలోకి లేచిందంటే మాత్రం ఆ చక్రమే గిరగిరా తిరుగుతుంది, నేల మీదున్న చక్రం కదలదు. దీనికి విరుగుడు లాకర్: రెండు చక్రాలనూ ఒకే ఇరుసుగా బిగించేస్తుంది. ఈ బిగింపు ఎప్పుడు పడుతుందన్నది చూసేవారి భద్రతకు కూడా సంబంధించిన విషయం. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా లాకర్లను డ్రైవరు తన చేత్తో, రాయి తగలకముందే వేసుకోవచ్చు. 2020లో వచ్చిన థార్‌లో కొన్ని రకాలకు వెనక ఇచ్చిన మెకానికల్ లాకర్ అలా కాదు. రెండు చక్రాల వేగాల మధ్య నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వచ్చాక, అంటే ఒక చక్రం అప్పటికే జోరుగా తిరిగాక, టక్కున పడుతుంది. జిమ్నీలో లాకరే లేదు, జారే చక్రానికి కంప్యూటరే బ్రేకు వేసి బలాన్ని రెండో చక్రానికి మళ్లిస్తుంది. ఈ చివరి రెండు పద్ధతుల్లోనూ పట్టు దొరికేముందు చక్రం కాసేపు తిరగాల్సిందే. ఆ కాసేపట్లో డ్రైవరు కాలు భారంగా ఉంటే, పట్టు దొరకగానే బండి ఒక్క గెంతు గెంతుతుంది.

ఆ గెంతు ఎలా పుడుతుందో దగ్గరగా చూడదగ్గది. బండి ముందు చక్రాలు గట్టెక్కాయి, వెనక కుడి చక్రం రెండు గుండ్ల మధ్య సందులో పడింది. డ్రైవరు యాక్సిలరేటర్ కొంచెం నొక్కాడు, చక్రం జారింది. ఇంకాస్త నొక్కాడు. రబ్బరు రాతికి రాసుకుని పొగ లేచింది, కింది చిన్న రాళ్లు వెనక్కి చిమ్మాయి. అప్పటికే ఇంజన్ హోరు మీదుంది. టైరు అంచున ఉన్న ఒక గడి రాతి మొనకు తగులుకుంది. అంతవరకు వృథాగా తిరుగుతున్న బలమంతా ఒక్కసారిగా యాక్సిల్‌కు తగిలింది. ఇక జరగగలిగేవి రెండే. బండి పైకి ఎగిరి, ముందు చక్రాలు గాలిలో ఉండగా స్టీరింగ్ చెప్పిన మాట వినకుండా పక్కకు తిరుగుతుంది. లేదంటే యాక్సిల్ షాఫ్టో దాని కీలో విరిగి, బలం తెగిపోయి, బండి వచ్చిన దారినే వెనక్కి జారుతుంది. రెండూ కన్నుమూసి తెరిచేలోపే అయిపోతాయి. చక్రం జారిన మొదటి క్షణంలోనే కాలు తీసేసి, ఒక అడుగు వెనక్కి దిగి, చక్రాన్ని ఒక జానెడు పక్కగా పెట్టి మళ్లీ మొదలుపెట్టి ఉంటే ఈ గొడవే లేదు. అనుభవం ఉన్న డ్రైవరుకూ లేనివారికీ తేడా ఇక్కడే పట్టుబడుతుంది: మొదటివారు వెనక్కి రావడాన్ని నామోషీగా భావించరు. నిజానికి పోటీల్లో వెనక్కి రావడానికి పాయింట్ల జరిమానా ఉంటుంది, దారి గుర్తుగా పెట్టిన కోన్‌ను తాకినా జరిమానాయే. తక్కువ పాయింట్లు వచ్చినవారే గెలుస్తారు. అయినా అక్కడ కూడా పెద్ద డ్రైవర్లు ఆ జరిమానా కట్టుకుని వెనక్కి వస్తూనే ఉంటారు.

కాళ్ల పనితనం గురించి ఒక మాట. ఆటోమేటిక్ బండిలో ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద ఒకేసారి పెట్టి నడపడం రాళ్ల మీద ఒప్పు. బ్రేకు కాస్త పట్టి ఉంచి ఇంజన్ బలం పెంచితే, రాయి దాటిన వెంటనే బండి దూకకుండా ఆ బ్రేకే ఆపుతుంది. ఊళ్లో ఇలా నడిపితే తప్పు అలవాటు, అందుకే దీన్ని మైదానంలో సాధన చెయ్యాలి తప్ప గుట్ట మీద కాదు. మాన్యువల్ బండిలో పాటించాల్సిన నియమం వేరు: ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా వాలు మధ్యలో క్లచ్ తొక్కకూడదు. క్లచ్ తొక్కితే చక్రానికీ ఇంజన్‌కూ సంబంధం తెగి, గేర్లు పట్టి ఉంచిన బరువంతా ఒక్కసారి బ్రేకుల మీద పడుతుంది. దిగేటప్పుడు మొదటి గేరు, లో రేంజ్, బ్రేకు మీద తేలికపాటి కాలు. చక్రాలు బిగుసుకుపోయేంత బ్రేకు వేస్తే టైర్లు తిరగడం మాని జారుతాయి, జారే టైరు స్టీరింగ్ మాట వినదు.

టైర్లలో గాలి తగ్గించడం చాలామంది లెక్కచేయని పని. రోడ్డు మీద 30 పీఎస్‌ఐ పైన ఉండే టైరును రాళ్ల కోసం 15 నుంచి 18 దాకా దించుతారు. బీడ్‌లాక్ రిమ్ములు (టైరు అంచును ఊడకుండా బిగించి పట్టేవి) ఉన్నవారు ఇంకా కిందికి వెళతారు. గాలి తగ్గిన టైరు పరుచుకుని రాతి గరుకును పట్టుకుంటుంది, మొనలను మింగి బండి ఎగరకుండా చూస్తుంది. అంటే ఇది సౌకర్యం కోసం కాదు, గెంతు రాకుండా చేసే మొదటి జాగ్రత్త. మళ్లీ రోడ్డెక్కేముందు గాలి నింపకపోతే టైరు వేడెక్కి చీలిపోవచ్చు, కాబట్టి చిన్న కంప్రెసర్ లేకుండా గాలి తియ్యకూడదు.

దారి ఎంచుకోవడంలో కొత్తవారు చేసేది పెద్ద రాయిని రెండు చక్రాల మధ్యకు తీసుకోవడం. రోడ్డు మీద గుంతలను, రాళ్లను తప్పించే అలవాటు అలా చేయిస్తుంది. గుట్టల్లో ఆ అలవాటును తిరగెయ్యాలి. బండి కింద యాక్సిల్ గుండు, ఆయిల్ సంపు, పెట్రోల్ ట్యాంకు ఉన్నాయి. వాటికంటే టైరే గట్టిది. అందుకని టైరును రాయి నెత్తిన పెట్టాలి. దిగి, నడిచి, మోకాళ్ల మీద కూర్చుని చక్రం ఎక్కడ ఆనుతుందో చూసి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే నిమిషాలు వృథా కావు.

బండి పక్కకు దొర్లడం గురించి లెక్క సులువే. రెండు చక్రాల మధ్య వెడల్పు 1.6 మీటర్లు, బండి బరువు కేంద్రం నేల నుంచి 0.8 మీటర్ల ఎత్తున ఉంటే, కాగితం మీద 45 డిగ్రీల వాలు దాకా అది పడదు. పైన కారియర్ మీద జెర్రీ క్యాన్లు, టెంటు ఎక్కించి కేంద్రాన్ని మరో 10 సెంటీమీటర్లు పెంచితే ఆ అంకె 42 కిందికి వస్తుంది. ఇవన్నీ గట్టి పెట్టెకు వేసిన లెక్కలు. నిజం బండికి స్ప్రింగులున్నాయి, దిగువ వైపు స్ప్రింగులు నొక్కుకుని బాడీ ఇంకా వంగుతుంది. ఇక రాయి సంగతి. 25 డిగ్రీల పక్కవాలు మీద వెళుతుండగా ఎగువ చక్రం 40 సెంటీమీటర్ల గుండు ఎక్కితే ఇంకో 14 డిగ్రీలు కలుస్తాయి. అదే సమయానికి దిగువ చక్రం జానెడు గుంటలో పడితే మరో 7. మొత్తం 46. నున్నగా కనిపించిన వాలు మీద బండి హఠాత్తుగా దొర్లిందని చెప్పే చాలా సందర్భాల్లో జరిగింది ఈ కూడికే. ఎగువ చక్రాలు తేలిపోతున్నట్టు తెలిసినప్పుడు స్టీరింగ్‌ను దిగువకు, అంటే పడబోతున్న వైపుకే తిప్పాలి. భయంలో చేతులు పైకి తిప్పుతాయి, దాంతో పని పూర్తవుతుంది. నిట్టనిలువు ఎక్కుడులో ఇంజన్ ఆగిపోతే బండిని అడ్డంగా తిప్పే ప్రయత్నం చెయ్యకూడదు. బ్రేకు పట్టి, రివర్స్ గేరులో, వచ్చిన చాళ్లలోనే నేరుగా వెనక్కి దిగాలి.

బండి లోపల పాటించాల్సినవి కొద్దే, కానీ వాటికి మినహాయింపు లేదు. ఎంత నెమ్మదిగా వెళ్లినా బెల్టు పెట్టుకునే ఉండాలి. వెనక సామాను తాళ్లతో కట్టాలి, బండి తల్లకిందులైతే హైలిఫ్ట్ జాకీ మనిషి తలకు తగిలే వస్తువే. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు చక్రం ఆకుల లోపల ఉండకూడదు, ముందు చక్రానికి రాయి ఎదురు తన్నితే స్టీరింగ్ గిర్రున తిరిగి వేలు విరుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, చెయ్యి బయట పెట్టకూడదు. బండి ఒరుగుతుంటే లోపలివారు కిటికీలోంచి చెయ్యి చాచి నేలను ఆనుకోబోతారు. రెండు టన్నులను ఆపాలన్న ఆలోచన అందులో ఉండదు, అది కేవలం శరీరం చేసే పని. ఆ చెయ్యి బండి చుట్టూ కట్టిన ఇనప చట్రమైన రోల్ కేజ్‌కూ రాయికీ మధ్య పడుతుంది. అందుకే అద్దాలు ఎత్తి ఉంచడమో, తలుపుల్లేని బండికి వల కట్టడమో చేస్తారు.

డ్రైవరుకు తన బానెట్ అవతల రాయి కనిపించదు. దాన్ని చూసి చెప్పే మనిషిని స్పాటర్ అంటారు. ఒక బండికి ఒక్క స్పాటరే ఉండాలి. ఈ ఒక్క నియమమే మన గుట్టల దగ్గర అన్నిటికన్నా తక్కువగా అమలయ్యేది. బండి ఎక్కడం మొదలవగానే చుట్టూ ఉన్నవారంతా స్పాటర్లే. ఒకరు రానీ రానీ అంటారు, ఇంకొకరు ఆపు అంటారు, మూడోవారు లెఫ్ట్ కొట్టు అని అరుస్తారు, ఆ లెఫ్ట్ డ్రైవరుదా అరిచినవారిదా ఎవరికీ తెలియదు. అందుకని మాటకన్నా చేతి సైగ నమ్మకమైనది. ఎటు తిప్పాలో అటు చెయ్యి చాపి చూపడం, రెండు అరచేతులు తన వైపు ఆడించి ముందుకు పిలవడం, పిడికిలి బిగించి పైకెత్తి ఆపమనడం, ఈ మూడూ చాలు. సైగలు బయలుదేరకముందే ఇద్దరూ అనుకుని ఉండాలి. స్పాటర్ కనిపించకపోతే డ్రైవరు ఆగిపోవాలి. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా డ్రైవరు పాటించాలి, ఎందుకంటే స్పాటర్ చూడనిది పక్కవారు చూసి ఉండొచ్చు.

స్పాటర్ నిలబడే చోటు ఇంకా జాగ్రత్తగా ఎంచుకోవాలి. బండికి కనీసం ఒక బండి పొడవు దూరంలో, డ్రైవరు కళ్లలోకి చూడగలిగే చోట, వీలైతే ఎగువన ఉండాలి. బండికీ గుండుకీ మధ్య, బండికీ చెట్టుకీ మధ్య ఎప్పుడూ ఉండకూడదు. బండి వస్తుండగా వెనక్కి నడవడం చాలామంది స్పాటర్లకు అలవాటు. రాళ్ల మీద వెనక్కి నడిచే మనిషి ఎప్పుడో ఒకప్పుడు తూలిపడతాడు, పడేది బండి ముందే. మంచి స్పాటర్ బండిని ఆపించి, తిరిగి నడిచి, కొత్త చోట కుదురుకుని మళ్లీ పిలుస్తాడు. కింద చక్రం ఎలా ఉందో చూడటానికి వంగాల్సి వస్తే కూడా బండి ఆగి, బ్రేకు పడి ఉండాలి.

ఇక చుట్టూ నిలబడి చూసేవారు. వీరికి బండి మీద ఏ అదుపూ లేదు, నిలబడే చోటును ఎంచుకోవడం తప్ప. దొర్లే బండి దిగువకు పోతుంది, కాబట్టి దిగువన ఎవరూ ఉండకూడదు. తిరిగే చక్రం రాళ్లను వెనక్కి చిమ్ముతుంది, కాబట్టి వెనక నిలబడకూడదు. కదిలిన గుండు బండికన్నా ముందే దొర్లుతుంది. మిగిలేది ఎగువ వైపు, అదీ బండి పడినా తగలనంత పక్కగా, పారిపోవడానికి వెనక దారి ఉన్న చోట. వెనక బండరాయి గోడలా ఉంటే అది మంచి చోటు కాదు, ఎంత బాగా కనిపించినా సరే. ఫోన్‌లో వీడియో తీసేవారి సంగతి ప్రత్యేకం. తెర మీద బండి చిన్నదిగా, దూరంగా కనిపిస్తుంది, కాళ్ల కింద ఏముందో కనిపించదు. పోటీలు నిర్వహించేవారు ఫొటోగ్రాఫర్ల కోసం విడిగా చోటు గీస్తారంటే కారణం ఇదే. పిల్లలను ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వదలడం, వారిని గుండు నెత్తిన కూర్చోబెట్టి చూపించడం రెండూ కూడనివే.

గుంపును మరీ దగ్గరికి రానిస్తే ఏమవుతుందో 2010 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని జాన్సన్ వ్యాలీలో కనిపించింది. అది రాక్ క్రాలింగ్ కాదు, ఎడారిలో వేగంగా సాగే కాలిఫోర్నియా 200 అనే పందెం. ఒక ట్రక్కు ఎత్తు మీంచి ఎగిరి, అదుపు తప్పి, దారి పక్కనే నిలబడిన జనం మీద పడింది. 8 మంది చనిపోయారు. దారికీ జనానికీ మధ్య కంచె లేదు. ఆ భూమిని చూసే ప్రభుత్వ సంస్థ తర్వాతి సమీక్షలో తన నిబంధనలను తానే సరిగా అమలు చేయలేదని ఒప్పుకుంది. అదే జాన్సన్ వ్యాలీలో 2007లో మొదలైన కింగ్ ఆఫ్ ద హ్యామర్స్ ఎడారి పరుగునూ రాళ్లెక్కడాన్నీ ఒకే పందెంలో కలిపింది. బండి ఒకచోట గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది, మరోచోట నడక వేగానికి దిగుతుంది. అక్కడ జనం నిలబడే చోట్లు ఈ రెంటికీ వేరువేరుగా ఆలోచించాల్సి ఉంటుంది. రాళ్ల దగ్గర నెమ్మది చూసి అలవాటు పడిన కన్ను పరుగు దారి దగ్గర మోసపోతుంది.

చూసేవారు సాయానికి దిగడం మరో రకం అపాయం. ఒరుగుతున్న బండిని చేతులతో ఆనుకోవడం, ఎగువ వైపు రోల్ కేజ్ పట్టుకుని వేలాడి బరువు వెయ్యడం గుట్టల దగ్గర తరచూ కనిపించే దృశ్యాలు. 70 కిలోల మనిషి వేలాడితే కొద్దిగా పనిచేస్తుందన్నది నిజమే, అందుకే ఈ అలవాటు పోదు. అయితే బండి మళ్లీ ఎటు ఊగుతుందో తెలియదు, ఎగువకు ఊగితే వేలాడేవారు దాని కింద ఉంటారు. ఆ పని మనిషి చెయ్యనక్కర్లేదు. ఎగువన గట్టి ఆధారానికి ఒక స్ట్రాప్ కట్టి బండి ఫ్రేముకు తగిలిస్తే సరిపోతుంది. అప్పటిదాకా డ్రైవరు బ్రేకు పట్టి కదలకుండా కూర్చోవాలి. కంగారుగా తలుపు తీసి దిగువ వైపు దూకడం బండి కింద పడటానికి దగ్గర దారి.

తాళ్లతో లాగే పనిలో చూసేవారికి పొంచి ఉన్న ప్రమాదం బండి దొర్లడంకన్నా ఎక్కువ, ఎందుకంటే తాడు చూడటానికి భయంగా ఉండదు. సాగే నైలాన్ స్ట్రాప్ తన పొడవులో ఐదో వంతు దాకా సాగి, బురదలోనో సందులోనో ఇరుక్కున్న బండిని ఊడదీస్తుంది. ఆ చివర కొండి తెగిందంటే సాగిన శక్తి అంతా ఆ ఇనపముక్కకు వస్తుంది. ఒడిసెల వదిలిన రాయిలా అది వెనుదిరిగి వస్తుంది, ముందు అద్దాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ముఖ్యంగా ట్రైలరు తగిలించే గుండ్రటి బంతికి స్ట్రాప్ తొడగడం ప్రాణాలు తీసిన పొరపాటు. ఆ బంతి నిదానంగా లాగడానికి చేసింది, ఇలాంటి కుదుపుకు దాని కాడ విరిగిపోతుంది. లాగడానికి ఫ్రేముకు బిగించిన హుక్కులు, మోయగల బరువు చెక్కి ఉన్న షాకిళ్లు (పిన్నుతో మూసే ఇనప కొక్కేలు) మాత్రమే వాడాలి. సాదా హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే గుర్తుల్లేని షాకిల్ ఎంత లావుగా ఉన్నా పనికిరాదు.

వించ్ అంటే డ్రమ్ము మీద తాడును చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం. దాని తాడు ఇలా సాగదు, కానీ తెగితే కొరడాలా తిరుగుతుంది. తాడు మధ్యలో బరువైన దుప్పటో, దానికోసమే అమ్మే సంచీయో వేస్తే తెగిన కొస నేలకు పడుతుంది. ఉక్కు తాడు డ్రమ్ము మీద కనీసం 5 చుట్లు మిగిలి ఉండాలి, లేకపోతే కొస ఊడివస్తుంది. తాడును తోలు తొడుగుల్లేకుండా పట్టుకోకూడదు, తిరిగే డ్రమ్ము దగ్గరికి చెయ్యి పోనివ్వకూడదు. పని నడుస్తుండగా అక్కడ ఉండాల్సింది ఇద్దరే: వించ్ నడిపేవారు, ఇరుక్కున్న బండి డ్రైవరు. మిగతా అందరూ తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలి. కప్పీ పెట్టి తాడును మలిపి కొసను తిరిగి బండికే తగిలిస్తే బలం దాదాపు రెట్టింపవుతుంది, కానీ ఆ మలుపు లోపలి కోణం మొత్తం ప్రమాదపు చోటే. కప్పీ ఊడితే అది ఎగిరేది ఆ కోణంలోకే. బిగిసిన తాడును దాటడం, దాని మీద కాలు వెయ్యడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో థార్‌లు, జిమ్నీలు తిరిగేవారికి తాడు కట్టే ఆధారం సంగతి విడిగా పట్టించుకోవాల్సింది. దక్కన్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఎండకూ వానకూ దాని పైపొరలు ఉల్లిపొరల్లా ఊడిపోయి, కింద గుండ్రటి గుండ్లు మిగిలాయి. వాటిలో చాలావరకు ఒకదాని మీద ఒకటి తమ బరువుతోనే నిలబడి ఉన్నాయి. చూడటానికి కదలనట్టుండే అలాంటి గుండుకు వించ్ తాడు కడితే, బండి ముందుకు రావడానికి బదులు గుండే బండి మీదికి రావచ్చు. నేలలో పాతుకుపోయిన రాయో, వెడల్పాటి స్ట్రాప్ చుట్టిన బలమైన చెట్టో కావాలి. ఊడిన పొరల మధ్య రాలిన గరుకు ఇసుక కూడా మోసం చేస్తుంది. ఎండలో గట్టిగా కనిపించే రాతి మీద దాని వల్ల టైరు ఒక్కసారిగా జారుతుంది. పైగా ఈ గుట్టల్లో కొన్నింటికి రక్షణ ఉంది, మరికొన్ని ఊరివారి భూములు, దేవుడి గుట్టలు. అనుమతి లేకుండా వెళ్లిన చోట ప్రమాదం జరిగితే సాయం పిలవడానికి వెనకాడటమే జరుగుతుంది.

గోవాలో 2014 నుంచి జరిగే రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ వంటి పోటీల్లో మార్షళ్లు, కట్టిన టేపు, సిద్ధంగా ఉన్న అంబులెన్సు ఉంటాయి. నలుగురు స్నేహితులు ఆదివారం పొద్దున వెళ్లే గుట్ట దగ్గర ఇవేవీ ఉండవు. అక్కడ మార్షల్ పని చెయ్యాల్సింది తమ బండి వంతు రాని డ్రైవరే. అతడు బండిని చూడటం మాని జనాన్ని చూడాలి. ఎవరైనా గీత దాటితే పిడికిలి ఎత్తాలి.

బండి దొర్లిపోయాక కూడా ప్రమాదం అయిపోలేదు. ముందుగా బండి ఇంకా కదిలే అవకాశం ఉందా అని చూడాలి. ఉంటే స్ట్రాప్‌తో కట్టేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. లోపలివారు ఇంజన్ ఆపాలి. తల్లకిందులుగా బెల్టుకు వేలాడుతున్నవారు గుండీ నొక్కేముందు ఒక చెయ్యి పైకప్పుకు ఆనించి, కాళ్లు ఊతంగా పెట్టుకోవాలి. లేకపోతే దెబ్బలేవీ తగలకుండా బయటపడినవారు ఆ అడుగెత్తు నుంచి మెడ మీద పడతారు. పెట్రోలు కారుతుంటే మంట ఆర్పే సిలిండరు చేతిలో ఉన్న మనిషి ముందు నిలబడాలి, సిగరెట్టు ముట్టించేవారిని అక్కడి నుంచి పంపించాలి. మెడ నొప్పి అన్నవారిని కదపకుండా ఉంచాలి. బండిని తిరగేసే ముందు లోపల ఎవరూ లేరని ఇద్దరు వేరువేరుగా చూడాలి. తిరగేశాక వెంటనే స్టార్ట్ చెయ్యకూడదు. పక్కకో తల్లకిందులుగానో పడుకున్న ఇంజన్‌లో ఆయిలు సిలిండర్లలోకి చేరి ఉంటుంది, ఆయిలు నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ బండికైతే గ్లో ప్లగ్గులు విప్పి, ఇంజన్‌ను కొన్ని చుట్లు తిప్పి ఆయిలు బయటికి పోనిచ్చి, ఆయిలు, బ్రేకు ద్రవం, కూలెంట్ మట్టాలు చూసి, బ్రేకు పెడల్ గట్టిగా నిలుస్తోందని తేల్చుకున్నాకే తాళం తిప్పాలి.